అబ్బాయి గురించి

"మా ఇంట్లో ఎవరికీ ఏ లోటూ లేదు. మీరు వెళ్లిరండి," అన్నాడు టైంటేబుల్ మాస్టారు, తలుపు సగమే తెరిచి. బస్సు డిపోలో ఏ బండి ఎన్నింటికి కదలాలో తేల్చేది ఆయనే కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. వేళ కాని వేళ వచ్చింది బస్సయినా, మనిషయినా ఆయనకు గిట్టదు.

గుమ్మంలో నిలబడ్డ ఆవిడ నొచ్చుకోలేదు. "నేను డాక్టర్ని కాదండీ, టైలర్ని. మా అమ్మాయి తీరు వేరు. మిగతా పిల్లల్లా ఉండదు. ఇరవై ఏళ్లుగా పెంచుతున్నాను. నాలాంటి తల్లిదండ్రులం కొందరం కలిసి సంఘం పెట్టుకున్నాం. కొత్తవాళ్లు పిలిస్తే పాతవాళ్లం వెళ్లి తోడుగా కూర్చుంటాం. మీ అమ్మగారు ఫోన్ చేశారు, అబ్బాయి గురించి."

మాస్టారు గిరుక్కున తిరిగాడు. సోఫాలో కూర్చుని బఠాణీలు వలుస్తున్న తల్లి తల ఎత్తలేదు.

"పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించమని బడివాళ్లు చీటీ పంపారని నువ్వు కూడా వాడికి ముద్ర వేయిస్తావా అమ్మా?"

టైలరమ్మ ఏదో అనబోయింది. తల్లి ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ముందు ఆవిణ్ణి మంచినీళ్లు తాగనీరా. తర్వాత పోట్లాడుకుందాం."

ఇంతలో వంటింట్లో మాస్టారి భార్య మిక్సీ వేసింది. ఆ మోతకు ఏడేళ్ల కొడుకు ప్లాస్టిక్ బకెట్టు నెత్తిన బోర్లించుకుని బల్ల కిందికి దూరాడు. మాస్టారు బాల్కనీలోకి వెళ్లి, మోత ఆగాక వచ్చి కూర్చున్నాడు.

"చప్పుడు పడదా?" అడిగింది టైలరమ్మ.

"ఎవరికి పడుతుందండీ? వాడి తలకు బకెట్టు సరిపోతుంది. నా తలకు సరిపోయేది బజారంతా వెతికినా దొరకలేదు, అందుకని బాల్కనీ."

టైలరమ్మ పైకి నవ్వలేదు కానీ, నీళ్లు ఆవిడకు పొలమారాయి.

మాస్టారి భార్య టీ, బిస్కెట్లు తెచ్చిపెట్టింది. పిల్లవాడు బల్ల కిందనుంచి వచ్చి చూశాడు. పై బిస్కెట్టు విరిగి ఉంది. వాడి మొహం ఎర్రబడింది, పెదవి వణికింది, ఇల్లు అదిరేలా ఏడుపు మొదలైంది. మాస్టారు తొణకలేదు. ముక్కల్ని ఏరి అవతల పెట్టి, నిండు బిస్కెట్టు వాడికొకటిచ్చి తానొకటి తీసుకున్నాడు. ఏడుపు అక్కడికక్కడే ఆగింది.

"విరిగింది పనికిరాదా?"

"విరిగితే అది బిస్కెట్టెలా అవుతుందండీ? ముక్కలవుతుంది," అన్నాడు మాస్టారు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

టైలరమ్మ చూపు ఆయన చొక్కా మెడ మీద పడింది. "లేబుల్ కూడా పడదనుకుంటాను."

"గుచ్చుకోదూ మరి? వాడివన్నీ కూడా నేనే విప్పుతాను. ఒక్కో కుట్టు."

"గుడ్డ చిరగకుండా తీశారు. మా కొట్లో కుర్రాళ్లకు రాదు ఈ పని."

మెచ్చుకోలుకు మాస్టారు కాస్త మెత్తబడ్డాడు. టీ చల్లారిందో లేదో వేలితో చూసుకుని తాగాడు.

"బడిలో స్నేహితులు?" అడిగింది ఆవిడ, మెల్లగా.

"ఎవరూ లేరు. అయితే ఏమైంది? నాకూ ఎవరూ ఉండేవాళ్లు కాదు. మధ్యాహ్నం అందరూ కలిసి తింటుంటే నేను గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకునేవాణ్ణి."

"ఎన్నాళ్లు?" ఈసారి అడిగింది తల్లి.

"పదేళ్లు."

ఆ మాట ఆయన నోటినుంచి మామూలుగానే వచ్చింది. గదిలో వినబడ్డాక మాత్రం ఆయనకే మామూలుగా తోచలేదు. తల్లి చేతిలో బఠాణీకాయ వలవకుండానే ఉండిపోయింది. "రోజూ అడిగేదాన్ని కదరా, ఎవరితో తిన్నావని," అంది.

"నువ్వు సంతోషపడతావని ఏదో ఒక పేరు చెప్పేవాణ్ణి."

కింద పిల్లవాడు వలిచిన బఠాణీలను గోడ వెంట బారులు తీరుస్తున్నాడు. మాస్టారు వాడివైపు చాలాసేపు చూశాడు. చీటీ వచ్చి వారమైంది. ఆ వారమంతా ఆయన బడివాళ్ల మీద, భార్య మీద, ఆఖరికి డ్రైవర్ల మీద కూడా విసుక్కుంటూనే ఉన్నాడు.

"వీడు గేటు దగ్గర నిలబడకూడదు," అన్నాడు చివరికి. "మేం ఏం చేయాలో చెప్పండి. మావాడి పేరు రాసుకోండి."

టైలరమ్మ సంచిలోంచి పుస్తకం తీసి, ఎటూ తేల్చుకోలేక తల్లి మొహంలోకి చూసింది.

"వాడి పేరు రాయించు నాన్నా, వాడికి తండ్రివి నువ్వు," అంది తల్లి, బఠాణీల గిన్నె పక్కన పెట్టి. "నేను ఫోన్లో రాయించింది నా కొడుకు పేరు."