సోల అడుగున మట్టి

పందికొక్కు రోజూ ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాకే గింజల కొట్టు తెరిచేది. గింజలు కొలిచే దాని సోల అడుగున మాత్రం ఎనిమిదో వంతు మట్టి మెత్తి ఉండేది. ఎనిమిది సోలలు అమ్మితే ఒకటి మిగిలేది.

మట్టి మెత్తిన నాటి నుంచి, దాని పిల్లలున్న బొరియలో నేల తనంతట తానే పైకి లేవసాగింది. రోజుకు బొరియ ఎత్తులో ఎనిమిదో వంతు. ఏడో రోజుకు పిల్లల చెవులు కప్పుకు తగిలాయి.

"అమ్మా, నేల మళ్ళీ లేస్తోంది" అన్నాయి లోపల్నుంచి. పందికొక్కు ఎంత తవ్వినా మట్టి తరగలేదు.

అప్పుడే పూరేడుపిట్ట వచ్చింది. "అక్కా, నీ దగ్గర కొన్న గింజలు ఇంటికెళ్ళేసరికి సోలెడు ఉండట్లేదేంటి? దారిలో నేనే మింగేస్తున్నానని మా ఆయన ఒకటే దెప్పుతున్నాడు."

పందికొక్కు గబగబా సోలలో మట్టి గీకి పారేసింది. నేల లేవడం ఆగింది గానీ, కిందికి దిగలేదు.

"ఆగు చెల్లీ! నిన్ను మోసం చేశాను" అంటూ వారం రోజుల తరుగంతా కొలిచి పోసింది. నేల కాస్త దిగి, ఒక పిల్ల పాక్కుంటూ బయటికొచ్చింది. లోపల ఇంకా రెండున్నాయి. వాటి ఊపిరి సన్నగా వినిపిస్తోంది.

మిగిల్చుకున్న తక్కిన గింజలు ఎవరెవరివో దానికి గుర్తులేదు.

"నేనెవరికి తక్కువ కొలిచాను? రండమ్మా, రండి!" అని అరుస్తూ అడవిలోకి పరుగెత్తింది.