పాలపిట్ట వీడియో

దసరా పొద్దున పాలపిట్టను చూడందే మా అత్తమ్మ ఇంద్రమ్మకు పండుగే కాదు. బుద్ధెరిగినప్పటి నుంచి ఒక్క ఏడాదీ తప్పలేదట. ఈసారి కాలికి కట్టుతో మంచం మీదుంది.

“హిమజా, నువ్వు మస్తు పిట్టల ఫొటోలు దీస్తవు గదా. దాన్ని గుడ పట్టుకరా. ఫొటోకే మొక్కుత” అంది.

నా తిప్పలు నాకే తెలుసు. పాలపిట్ట కనబడగానే నా చేతులు కెమెరాను వదిలేసి దండం పెట్టేస్తాయి. పోయినేడూ అంతే, ముందటేడూ అంతే! అందుకే ఈసారి ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద ఒక సెల్ఫీ దిగి, ఫోన్‌ను స్టాండుకు బిగించి, వీడియో ఆన్ చేసి, కరెంటు తీగనే చూస్తూ నిలబడ్డాను.

వచ్చింది! తీగ మీద వాలింది. రెక్కలు విప్పి, నీలిరంగంతా ఒలకబోసి ఎగిరిపోయింది. స్కూటీ మీద ఇంటిదాకా నవ్వుతూనే వచ్చాను.

అత్తమ్మ పక్కన కూర్చుని వీడియో పెట్టాను. పిట్ట లేదు. సెల్ఫీ దిగాక కెమెరా తిప్పడం మరిచిపోయాను! ఉన్నదల్లా నేనే. నోరు తెరిచి, చెప్పులు విడిచి, దండం పెట్టి, చిన్నపిల్లలా గంతులేస్తున్నాను.

సిగ్గుతో ఫోన్ లాక్కోబోయాను.

అత్తమ్మ అప్పటికే తెర మీది నా మొహానికి రెండు చేతులూ జోడించింది.

“ఆగు బిడ్డా, కనబడ్డది. కదిలియ్యకు, ఎగిరిపోతది.”