మస్తాన్ తెచ్చిన మిషను

ఆ పొద్దున ఆకాశం బూడిద రంగులో సముద్రం మీదికి దిగి ఉంది. వాన లేదు, ఎండా లేదు. మస్తాన్ పెద్దకర్మ రోజు అది. దొడ్డిగోడ మీద విస్తరిలో పిండం, పక్కన వాడికిష్టమైన రొయ్యల వేపుడు పెట్టి చాలాసేపయింది. సరుగుడు తోపులో కాకులు అరుస్తున్నాయి గాని ఒక్కటీ ఇటు రావడం లేదు.

“కాకి ముట్టందే ఎవరూ ముట్టకూడదు,” అన్నాడు మేనమామ కామాక్షయ్య, అందరికీ తెలిసిందే అయినా.

గడపలో తల్లి కామమ్మ కూర్చుని ఉంది. కొడుకు పోయినకాడి నుంచి గంజినీళ్ళే. పెదాలు ఎండి తెల్లబడిపోయాయి.

“అమ్మా, నువ్వన్నా రెండు మెతుకులు...” అన్నాడు పెద్దకొడుకు నరసయ్య.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“వాడికేదో కోరిక మిగిలిపోయుంటాది. మాటియ్యండ్రా,” అన్నాడు కామాక్షయ్య.

నరసయ్య గోడ దగ్గరికి పోయి చేతులు జోడించాడు. “తమ్ముడా, నీ బిడ్డ నా బిడ్డే. నేను చదివించుకుంటా. వచ్చి తినరా అబ్బయ్యా.”

కాకి రాలేదు. కామాక్షయ్య తనూ ఏదో మాటిచ్చాడు. రాలేదు.

అప్పుడు తలుపు చాటు నుంచి మస్తాన్ భార్య గంగాభవాని గొంతు వినిపించింది. “బావా, మంచం కింద ఆ మిషను... కారుకు పాలిష్ పెట్టేది. ఈసారి రాకెట్టు చూసే జనం వచ్చేలోగా బండిని అద్దం చేస్తానన్నాడు. పెట్టె కూడా విప్పలేదు.”

వాకిట్లో మస్తాన్ అద్దెకు తిప్పుకునే కారు నిలబడి ఉంది. ఉప్పుగాలికి దాని నల్లరంగు పాతచెప్పులా వెలిసిపోయింది. నరసయ్య లోపలికి పోయి పెట్టె లాక్కొచ్చాడు.

“ఇప్పుడేందిరా?” అన్నాడు కామాక్షయ్య. “కాకి కారు చూసేదానికొస్తాదా, కూడు తినేదానికొస్తాదా?”

“మాటలకు రాలేదు గదా మామా. చేసి చూపిస్తా.”

వెంకటాచలం ఊరికాడ హైవే పక్కన కార్లు కడిగే పరంజ్యోతి, మస్తాన్ స్నేహితుడు, పందిట్లోంచి లేచొచ్చాడు. “అన్నా, ఆగు. ముందు కడగాల. ఇసక మీద మిషను తిప్పితే గీతలే మిగిలేది.”

కడిగి తుడిచారు. పరంజ్యోతి బానెట్టు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా జరిపాడు. ఇంకా గరగర తగిలింది. మళ్ళీ కడిగారు. అంచుల వెంట టేపు అంటించాడు. స్పాంజి బిళ్ళ మీద పేస్టు నాలుగు చుక్కలు పెట్టి మిషను నరసయ్య చేతికిచ్చాడు.

నరసయ్య స్విచ్చి వేశాడు. మిషను గాల్లోనే గిర్రున తిరిగింది. పేస్టంతా పోయి కామాక్షయ్య పంచె మీద పడింది.

“నాకు పెడతావేందిరా పాలిష్!”

“బిళ్ళ రేకుకు ఆనించినాక గదన్నా స్విచ్చి,” అన్నాడు పరంజ్యోతి. ఎవరో ఆడమనిషి నవ్వబోయి నోరు మూసుకుంది.

రెండోసారి ఆనించి వేశాడు. పడవ అడుగు గీకిన చెయ్యి అది, బలమంతా పెట్టి అదిమింది. మిషను మూలిగింది.

“అదమొద్దన్నా! దాని బరువు చాలు. నువ్వు ఊరికే పట్టుకో. జరుపుతా ఉండు, ఒకేకాడ నిలిపితే రంగు కాలిపోతాది. అడ్డంగా... ఇప్పుడు నిలువుగా... నిదానంగా.”

“నిదానంగానా? ఆడ అమ్మ...”

“నిదానంగానే. తొందరకు లొంగే పని కాదిది.”

నరసయ్య పళ్ళు బిగబట్టి జరిపాడు. చాటంత మేర, అంతే. పరంజ్యోతి మిషను ఆపించి మెత్తటి గుడ్డతో తుడిచాడు. వెలిసిన రంగు మధ్యలో బావిలో నీళ్ళలాగా నల్లగా ఒక ముక్క తేలింది. అందులోంచి గుండు చేయించుకున్న మనిషి ఒకడు చూస్తున్నాడు. అచ్చం మస్తాన్ దవడ. నరసయ్య తల తిప్పుకున్నాడు.

“మొదటిసారికి బాగుందన్నా,” అన్నాడు పరంజ్యోతి మెల్లగా. “వాడైతే ఇంత కుదురుగా చేసుండడు.”

“చూసినావా తమ్ముడా? మిగిలింది కూడా చేస్తా. ఇంక రా,” అన్నాడు నరసయ్య.

అందరూ గోడ వైపు తిరిగారు. విస్తరి పెట్టింది పెట్టినట్టే ఉంది. మిషను మోతకు తోపులో కాకులు ఎప్పుడో లేచిపోయాయి. ఇప్పుడు అరుపులు కూడా లేవు.

ఇంకా కాచుకున్నారు. మబ్బు వెనక పొద్దు పడమటికి జారింది. కామమ్మ గడపకు ఒరిగి కళ్ళు మూసింది. గంగాభవాని పరుగున వచ్చి పట్టుకుంది. “బావా, అత్త ఒళ్ళు చల్లబడతా ఉంది!”

నరసయ్య గోడ దగ్గరికి నడిచాడు. అందరికీ వీపు పెట్టి నిలబడ్డాడు. పేస్టు అంటిన వేళ్ళతోనే పిండం ఒక పక్క చిదిపి, రెండు రొయ్యలు తీసి గోడ అవతల పారేశాడు.

“ముట్టినాడమ్మా!” అని అరిచాడు. “తమ్ముడు ముట్టినాడు!”

కామమ్మ కళ్ళు తెరిచింది. “నువ్వు చూసినావా?”

“చూసినా.”

కామాక్షయ్య అంతా చూశాడు. నోరు తెరిచాడు, అక్క మొహం చూసి మూసుకున్నాడు.

“ఆకులెయ్యండి,” అన్నాడు.

పందిట్లో అందరూ వరసగా కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నరసయ్య ముద్ద కలిపి అమ్మ వైపే చూస్తున్నాడు. కామమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలి, కష్టపడి మింగింది.

ఆమె రెండో ముద్ద కలుపుతుండగా, మబ్బులోంచి ఒక కాకి నేరుగా వచ్చి దొడ్డిగోడ మీద వాలి, విస్తరిలో ముక్కు పెట్టింది.