మళ్ళీ అదే అంకె

"మళ్ళీ లెక్కపెట్టాల్సిందే!" టీచరు గొంతుకు లెక్కింపు గదిలో వాళ్ళంతా తిరిగి చూశారు. వార్డు ఎన్నికలో ఆమె తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయింది. గెలిచిన నర్సు ఆమెకు సొంత తోడికోడలు.

నర్సుకు ఒళ్ళు మండింది. "పెట్టించండి సార్. అక్క కళ్ళారా చూసుకుంటుంది, నాకూ ఈ సణుగుడు తప్పుతుంది."

అధికారి ఓటింగ్ యంత్రం మీట నొక్కాడు. తెరమీద ఇందాకటి అంకెలే వెలిగాయి.

"అయిపోయిందమ్మా."

"ఏం అయిపోయింది? ఓట్లేవీ?"

"ఇవేనమ్మా. వార్డు ఎన్నికల యంత్రంలో కాగితం చీటీలుండవు."

"అంటే, అన్న మాటే మళ్ళీ అనిపించి, దాన్ని లెక్కంటారా?" టీచరు తోడికోడలివైపు తిరిగింది. "నువ్వు మోసం చేశావని నేననను. చెయ్యలేదని చూపించగలవా, చెప్పు!"

నర్సు యంత్రం తెరవైపు చూసింది. రోజూ డ్యూటీ దిగి, ఓట్లకోసం కాళ్ళరిగేలా వీధి వీధీ తిరిగింది తను. జనం తనకే వేసుంటారు. వేశారని చూపడానికి చీటీ ముక్కైనా లేదు. రేపు ఎవడు దొంగ గెలుపన్నా నోరు మూసుకుని వినాల్సిందే.

అధికారి గెలుపు పత్రం అందించాడు. "సంతకం చెయ్యండమ్మా."

నర్సు దాన్ని విసురుగా వెనక్కి తోసేసింది. "ముందు నా ఓట్లు చూపించండి!"

"గెలిచింది మీరేగా! మీకెందుకమ్మా కోపం?"

"గెలిచానని మీ పెట్టె చెబుతోంది. నాకెలా తెలుస్తుంది?"

ఆమె అక్కడే కుర్చీలో కూలబడింది. టీచరు మరో కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.