రెండో బ్రేకు

ఉదయం పదిన్నరకి డ్రైవింగ్ స్కూలు కారు ట్రాఫిక్ ఆఫీసు ముందు ఆగింది. మొన్న సాయంత్రం అదే కారు ఎర్ర లైటు దాటింది. నడిపింది తనేనని బావ చెప్పాడు. ఒప్పుకోవడానికి వచ్చింది బావమరిది.

"మళ్ళీ ఒకసారి చెప్పరా," అన్నాడు బావ, స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండా.

"మొన్న సాయంత్రం బండి నేనే తీసుకెళ్ళాను. ఒక్కణ్ణే ఉన్నాను. కంగారులో లైటు చూసుకోలేదు."

"అంతే. ఎక్కువ వాగకు. అడిగినదానికి జవాబు చెప్పి వచ్చెయ్."

"బావా, ఈ కారు మీద కట్టని చలానాలు బోలెడున్నాయి. వాటికి లేని తొందర దీనికెందుకు?"

"అవన్నీ పార్కింగువిరా. ఇది సిగ్నలు. డ్రైవింగ్ నేర్పేవాడే లైటు దాటాడని తెలిస్తే లైసెన్సు లాగేసుకుంటారు. స్కూలుకి తాళం పడుతుంది. నువ్వు లిఫ్టులు బాగుచేసుకునేవాడివి. నీ లైసెన్సు కొన్నాళ్ళు వాళ్ళ బీరువాలో ఉంటే నీ సొమ్మేం పోయింది?"

"లిఫ్టుకి లైసెన్సు అడగరులే," అని మెకానిక్కు నవ్వాడు. అతనికి కారు నేర్పింది బావే. నేర్పినన్నాళ్ళూ పక్క సీటులో కూర్చుని, అక్కడ తన కోసం పెట్టించుకున్న రెండో బ్రేకు మీంచి కాలు తియ్యకుండా తిట్టేవాడు.

వెనక సీటులోంచి అక్క దిగింది. "ఊళ్ళో వాళ్ళందరికీ నేర్పుతారు, నాకు మాత్రం తాళం కూడా అందనివ్వరు" అని మొగుణ్ణి దెప్పిపొడవందే ఆమెకి పూట గడవదు. ఇవాళ దారి పొడుగునా నోరు విప్పలేదు. తమ్ముడి దగ్గరకొచ్చి చొక్కా కాలరు సరిచేసింది.

"వాచీ ఏదక్కా?"

మొదటి జీతంతో అతను కొనిచ్చిన వాచీ. ఎర్ర పట్టీది. స్నానానికి తప్ప ఆమె దాన్ని తియ్యదు.

"పట్టీ తెగింది. బాగుచేయించడానికిచ్చాను," అంది అక్క. "వెళ్ళరా, ఆలస్యమవుతోంది."

లోపల గుమస్తా కారు నంబరు కొట్టి తెర ఇటు తిప్పాడు. ఫొటోలో కారు వెనక భాగం, నంబరు ప్లేటు, పైన ఎర్ర లైటు ఉన్నాయి. మనుషులు కనబడలేదు.

"బండి మీ పేరున లేదే?"

"మా బావది. నడిపింది నేను."

"అలాగని రాసి సంతకం పెట్టండి."

రాసి పెట్టాడు. పక్క కౌంటరులో జరిమానా కట్టాడు. రసీదు తెచ్చి చూపించాడు.

"ఇంక అయిపోయినట్టేనాండీ?"

"ఇక్కడ అయిపోయింది," అన్నాడు గుమస్తా. అతని కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఫోనెత్తి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. "లోపల ఇన్‌స్పెక్టరుగారు మిమ్మల్ని రమ్మంటున్నారు."

ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించాడు. సంతకం చేసిన కాగితం అప్పటికే ఆయన బల్ల మీదికి చేరింది.

"లైటు దాటాక ఎటు తిప్పావు?"

ఈ ప్రశ్నకి బావ జవాబు నేర్పలేదు. మెకానిక్కు నోటికొచ్చింది చెప్పాడు. "ఎడమకి సార్."

"అవును, ఎడమకే. ఆ సందులో సైకిలు మీద డ్యూటీకెళ్తున్న వాచ్‌మన్‌ని గుద్దావు. ఆపకుండా పోయావు. ఇవాళ పొద్దున్న ఆసుపత్రిలో ప్రాణం పోయింది."

మెకానిక్కు లేచి నిలబడ్డాడు. "నేను కాదు సార్. ఆ కాగితం అబద్ధం. నడిపింది మా బావ. బయట కారులోనే ఉన్నాడు, పిలిపించండి."

"ఇందాక నేనేనన్నావు, ఇప్పుడు బావంటున్నావు. కాసేపాగితే ఇంకెవరంటావు?" అని ఇన్‌స్పెక్టరు కానిస్టేబులుకి సైగ చేశాడు.

కానిస్టేబులు వెళ్ళి వచ్చాడు. "బయట డ్రైవింగ్ స్కూలు కారేదీ లేదు సార్."

"పారిపోయాడు సార్! నడిపింది వాడే, నేను ఎవరి ముందైనా చెప్తాను."

ఇన్‌స్పెక్టరు ఇంకో ఫొటో తీసి ముందు పెట్టాడు. "కారుకి ఎదురుగా ఉన్న కెమెరా తీసింది. పక్క సీటులో ఉన్నదెవరు?"

మెకానిక్కు వంగి చూశాడు. పక్క సీటులో ఉన్న మనిషి నోరు తెరిచి అరుస్తున్నాడు. ఒక చెయ్యి స్టీరింగు వైపు చాచి ఉంది.

"మా బావ సార్."

"మీ బావ పక్క సీటులో ఉంటే నడుపుతున్నదెవరు?"

నడిపే మనిషి ముందు ఎండ పడకుండా వాడే అట్ట కిందికి దించి ఉంది. ముఖం కనబడలేదు. స్టీరింగు మీద చేతులు మాత్రం కనబడుతున్నాయి. ఇన్‌స్పెక్టరు వేలు పెట్టి చూపించాడు. మణికట్టు మీద ఎర్ర పట్టీ ఉంది.

మెకానిక్కు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"నిన్నే అడుగుతున్నా. ఈ వాచీ నీదేనా?"

"నేను కొన్నదే సార్," అన్నాడు.