గాజుల చప్పుడు

నాందేడ్ డాక్టర్ రాసిచ్చిన కొత్త గోళీలతో రఖమాబాయికి ఫిట్స్ ఆగాయి కానీ, మత్తు పట్టుకుంది. ఆ రాత్రి ఆమె చాచిన చేతులు వాటంతటవే కొట్టుకుంటుంటే గాజులు గలగలమన్నాయి.

"పోచమ్మ అచ్చింది, మొక్కుండ్రే!" అంది అత్త. వాడకట్టు ఆడవాళ్లు సాగిలపడ్డారు.

భర్త సంగప్ప వాకిట్లోకి వచ్చి నాందేడ్ డాక్టర్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాడు. ఆ గోళీల వల్లే రక్తంలో అమ్మోనియా పెరిగి చేతులు అలా కొట్టుకుంటూ ఉండొచ్చని, ఇంకొకటి వేస్తే ప్రాణం మీదికి వస్తుందని, వెంటనే తీసుకురమ్మని డాక్టర్ అరిచాడు.

సంగప్ప లోపలికి ఉరికాడు. "అవ్వా, గోళీ ఇయ్యకు!"

"పసుపు నీళ్లల్ల ఎప్పుడో తాపిన కొడకా."

గాజులు ఆగిపోయాయి. పోచమ్మ తల్లి శాంతించిందని అందరూ లేచారు. ఎంత పిలిచినా రఖమాబాయి పలకలేదు. సంగప్ప ఆమె చేతులు పట్టుకుని ఊపాడు. గాజులు గలగలమన్నాయి.

"మల్ల అచ్చిందే తల్లి!" అంటూ వాకిట్లో చెప్పులేసుకుంటున్న ఆడవాళ్లు మళ్లీ సాగిలపడ్డారు.