రెండు అట్టలు

“తాతయ్యా, వీటిలో మేడ మీద పెట్టిన అట్ట ఏది?” అంటూ మనవరాలు నా గదిలోకి వచ్చింది.

ఇదివరకే మూసిన కిటికీ వెనక నన్ను నిలబెట్టి ఫొటో తీసింది. దాని మీద పొగ పొరలు పరిచి, ఫ్యాక్టరీ గాలి గురించి బొమ్మ చేస్తుందట. మసి అంటుకోవాలని రెండు తెల్ల అట్టలకు నూనె రాసి, ఒకటి మేడ మీద, ఒకటి నా గదిలో నెల కిందటే పెట్టింది. బొమ్మలో మురికి అట్ట ఆకాశానికి, శుభ్రమైనది నా ముఖానికి వాడుతుందట.

“నా గదిది మల్లెపువ్వులా ఉంటుందే! ఫ్యాక్టరీ పొగ నాకు పడదని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ మీ అమ్మ ఈ కిటికీ తెరవనిస్తే కదా. నా దగ్గుకు జడిసి ఈగలు కూడా ఊరొదిలి పోయాయి.”

“కోతలు ఆపి చూడు తాతయ్యా. గుర్తు పెట్టడం మర్చిపోయాను.”

చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. రెండూ ఒకే నలుపు.

“ఏదో ఒకటి నా ముఖానికి వేసెయ్. రంగు కలుస్తుంది,” అన్నాను దగ్గుతూ. మనవరాలు నవ్వలేదు.

ఇంతలో కోడలు పరుగున వచ్చింది. “దగ్గు వినిపించింది మావయ్యా, కిటికీ గానీ తీశారా?”

“నువ్వు బిగించిన గడియ తీయాలంటే ఏనుగు రావాలమ్మా!”

మనవరాలు అట్టలు చూపించింది. “అమ్మా, ఒకటి మేడ మీదిది, ఒకటి తాతయ్య గదిది.”

“ఏది ఏదే?”

మనవరాలు రెండు అట్టలనూ పక్కపక్కన పట్టుకుంది. కోడలు కిటికీ దగ్గరికి వెళ్లి గడియ మీద చేయి వేసింది. తీయాలో, ఇంకా బిగించాలో తెలియక అలాగే నిలబడిపోయింది.